గూడబాతు సంచికి రెండు వరసల కుట్టు

1961 డిసెంబరు. చిట్టమూరు చుట్టుపక్కల ఒక చిన్న ఊళ్ళో పశువుల ఆసుపత్రికి డాక్టరుగా వచ్చి నాకు రెండేళ్ళయింది. పెంకుల కప్పు వేసిన రెండు గదులు, వెనక పశువుల్ని కదలకుండా నిలబెట్టే ట్రెవిస్ అనే కొయ్య చట్రం, రంగయ్య అనే కాంపౌండరు, ఒక సైకిలు. ఇదీ నా రాజ్యం. మా సొంతూరు సంగం. వరి గురించి మా ఊరివాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు, పశువుల గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదు అని గట్టి నమ్మకంతో ఉండేవాణ్ణి. దానికి తోడు ముక్కు మీద కోపం. ఎన్నో రోగాలకు మందిచ్చాను గానీ దానికి మాత్రం మందు ఇప్పటికీ దొరకలేదు.

ఆఫ్రికా అభయారణ్యాల్లో డాక్టర్లు సింహాలకూ ఏనుగులకూ తుపాకీతో మత్తుసూది వేసి గాయాలు కుట్టే ఫొటోలు పత్రికల్లో చూసి, "మీరెప్పుడైనా అడవి ప్రాణికి వైద్యం చేశారా?" అని నన్ను అడిగేవాళ్ళున్నారు. చేశాను. నా దగ్గర తుపాకీ లేదు, నా దగ్గరకి సింహమూ రాలేదు. వచ్చింది గూడబాతు. నవ్వేవాళ్ళు నవ్వండి, కానీ చివరిదాకా వినండి.

ఒకరోజు పొద్దున్నే నలభై ఏళ్ళ మనిషి నెత్తిన పెద్ద గంపతో ఆరు మైళ్ళు నడిచి వచ్చాడు. గంపలోంచి మూరెడు ముక్కు బయటికి వేలాడుతోంది. దించి చూస్తే ముక్కు కింద చేపలు పట్టే సంచి గడ్డం దగ్గర్నుంచి గొంతు దాకా జానెడు పొడుగున చిరిగిపోయి ఉంది.

"అయ్యా, దీన్ని ఎట్టాగైనా బతికించాల. ఇది చస్తే నా చేను చచ్చినట్టే."

"ఎవరయ్యా నువ్వు? పక్షికీ నీ చేనుకీ ఏం సంబంధం?"

ఇంతలో రంగయ్య, పక్షి పొడుస్తుందేమోనని గుడ్డముక్కతో దాని ముక్కు బిగించి కట్టేశాడు. రెండు నిమిషాల్లో అది మెడ వాల్చేసింది. ఆ మనిషి కెవ్వున అరిచాడు. "మూతి కట్టబాకండయ్యా! అది నోటితోనే ఊపిరి తీసుకుంటాది!" గబగబా కట్టు ఊడదీశాను. నిజమే, గూడబాతుకి ముక్కురంధ్రాలు పేరుకే. ఆ సంగతి నాకు పుస్తకంలో కనబడలేదు.

ఆయన పేరు దేవసహాయం. వాళ్ళ ఊరి చెరువులో నీళ్ళలోనే నిలబడే కడప చెట్ల మీద ఏటా గూడబాతులు వందలకొద్దీ వచ్చి గూళ్ళు కడతాయి. వాటి రెట్ట కలిసిన నీళ్ళు పారితే చేలకి వేరే ఎరువు అక్కర్లేదు. అందుకని ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. పక్షులున్నన్నాళ్ళు కట్ట మీద డప్పు మోగదు, దీపావళికి టపాకాయ పేలదు. పక్షికి దెబ్బ తగిలించినవాడి చేనుకి, ఆ పక్షి మళ్ళీ చెరువులో దిగి చేప పట్టేదాకా తూము నీళ్ళు రావు. దేవసహాయం కొరమీను కోసం గాలం వేశాడు. ఎర కోసం గూడబాతు వచ్చింది. కొరమీనే అనుకుని ఈయన గట్టిగా లాగాడు, గాలం దాని సంచిని చీల్చేసింది. ఇక చూడండి, అరెకరం మొలగొలుకుల వరి, అదీ పొట్ట మీదున్న పైరు, ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి.

నాకు ఒళ్ళు మండింది. "పక్షికి దెబ్బ తగిలిందని మనిషి చేను ఎండబెడతారా? వాళ్ళకి బుద్ధుందా?"

"వాళ్ళని ఏమీ అనబాకండయ్యా. మా తాతల నాటి నుంచి ఉండే కట్టు. ఇంకొకడు ఈ పని చేసుంటే నేను కూడా తూము మూయమనే చెప్పుంటా," అన్నాడు దేవసహాయం.

ఆ జవాబు విన్నాక ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

పక్షికి మత్తు ఇస్తే మళ్ళీ లేస్తుందో లేదో తెలియదు. అందుకని గాయం చుట్టూ ప్రొకెయిన్ ఇచ్చాను. అది ఇచ్చినచోట మాత్రమే నొప్పి తెలియకుండా చేసే మందు. సంచి కాగితమంత పలచన. గేదె పొదుగు చిరిగితే కుట్టినట్టే పట్టుదారంతో ఒక వరస దగ్గర దగ్గరగా కుట్టేశాను. అరగంటలో అయిపోయింది. చేతులు కడుక్కుంటూ, "వారంలో నీ పక్షి చెరువులో ఉంటుంది పో," అన్నాను. రంగయ్య ముఖంలో నా గొప్ప చూసుకుని మురిసిపోయాను కూడా.

పక్షిని ఆసుపత్రిలోనే ఉంచాం. ఐదో రోజున దేవసహాయం చిన్న చేప ఒకటి దాని నోట్లో వేశాడు. అది సంచిలోకి జారి, కుట్టు మధ్యలోంచి కింద పడింది. వంగి చూశాను. సగం కుట్లు చర్మాన్ని కోసుకుని ఊడిపోయాయి.

"ఏం చేప వేశావు? ముల్లున్న జెల్ల వేశావా? చెప్పానా లేదా నీకు?" అని విరుచుకుపడ్డాను. ఆయన కిందపడిన చేపను తీసి చూపించాడు. ముల్లూ లేదు, గిల్లూ లేదు.  నన్ను తిరిగి తిట్టుంటే బాగుండేదనిపించింది.

అప్పుడే వరండాలో మేకను పట్టుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కాశిం సాయిబు. ఆ చుట్టుపక్కల కపిల బావులన్నిటికీ ఆయనే వైద్యుడని చెప్పాలి. ఆ రోజుల్లో ఎద్దులు తోలు బొక్కెనతో బావి నీళ్ళు తోడేవి. ఆ బొక్కెన చిరిగితే కుట్టేది ఈయనే. మేక కాలు నొప్పికని వచ్చినవాడు కిటికీలోంచి తొంగిచూసి నవ్వాడు.

"డాక్టరు సారూ, కోపం చేసుకోబాకండి. ఇది గోతాం కుట్టు. వడ్లు నిలుస్తాయి గానీ నీళ్ళు నిలవవు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "సాయిబూ, నీ మేక సంగతి నువ్వు చూసుకో. నేను మద్రాసులో చదివొచ్చినవాణ్ణి."

"మద్రాసులో బొక్కెన కుట్టేది కూడా నేర్పిస్తారా సార్?" ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అందుకే నా కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది.

దేవసహాయం మెల్లగా అన్నాడు. "చెప్పనీయండయ్యా. నా చేనుకి ఇక రోజులు లేవు."

కాశిం సాయిబు లోపలికొచ్చి నేల మీద కూర్చుని, వేలితో మన్నులో గీసి చూపించాడు. "నీళ్ళు మోసే తోలుకి ఒక్క వరస కుడితే బావి గట్టు దాకా కూడా రాదు సారూ. లోపలి అతుకు వేరే, బయటి అతుకు వేరే. లోపల ముడి పడినచోట బయట ముడి పడకూడదు. బిగించి కుట్టామంటే బరువుకి దారమే తోలును కోసేస్తాది. ముందు చిరుగు అంచులు కొంచెం కత్తిరించుకోవాల, పాత అంచు అతకదు."

నేను ఫోర్సెప్స్ తీసుకుని, అంటే సన్న పట్టకారు, చిరిగిన అంచును పట్టి రెండు వేళ్ళ మధ్య నలిపాను. జారింది. ఒక పొర మీద ఇంకో పొర జారింది. కాగితంలా ఉంది కదా అని ఒకటే పొర అనుకున్నాను నేను. ఆవు పొట్ట కోసినప్పుడు ఏ పొరకా పొర విడిగా కుట్టేవాణ్ణి, గూడబాతు దగ్గరకొచ్చేసరికి చూడనే చూడలేదు. పక్షే కదా అన్న చులకన. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"సాయిబు గారూ, మీరు పక్కనుండి చూస్తారా?" అన్నాను.

"ఉంటా సారూ. సొరబుర్ర తెస్తానుండండి," అని లేచాడు.

సొరబుర్ర ఎందుకో కాసేపటికి తెలిసింది. బొక్కెన కుట్టేటప్పుడు లోపల ఎండిన సొరకాయ పెడితే తోలు ముడతల్లేకుండా సమంగా విచ్చుకుంటుందట. దాన్ని పర్మాంగనేటు నీళ్ళతో కడిగి, ఉడకబెట్టిన గుడ్డ చుట్టి సంచిలో పెట్టాం. చిరుగు మొత్తం తామరాకులా విప్పారింది. రెండు పొరలూ కంటికి విడివిడిగా కనబడ్డాయి. మద్రాసులో ఎంత గొప్ప ఆపరేషన్ గదిలోనూ అంత చక్కటి పనిముట్టు నేను చూడలేదు.

దేవసహాయం రెక్కలు పట్టుకున్నాడు. రంగయ్య ముక్కు తెరిచి పట్టుకున్నాడు, ఈసారి బుద్ధిగా. మళ్ళీ ప్రొకెయిన్ ఇచ్చి, పాత కుట్లు తీసి, అంచులు కత్తిరించి, లోపలి పొరకి కాట్‌గట్ వేశాను. అది గొర్రె పేగుతో చేసే దారం, గాయం మానాక ఒంట్లోనే కరిగిపోతుంది. సొరబుర్ర బయటికి తీయడానికి చివర సరిపడా సందు వదిలి, తీశాక అది కూడా మూశాను. బయటి పొరకి పట్టుదారం. నేను కాస్త బిగించినప్పుడల్లా కాశిం సాయిబు, "లాగబాకండి సారూ, లాగబాకండి. సంచి సాగేదానికి సందుండాల," అంటూనే ఉన్నాడు. రెండు గంటలు పట్టింది. నడుం విరిగిపోయింది. ఈసారి వారమనీ పదిరోజులనీ నేనేమీ అనలేదు.

మధ్యలో ఒకరోజు ఆగలేక సైకిలు తొక్కుకుంటూ దేవసహాయం చేను చూడ్డానికి పోయాను. మడి నెర్రెలు విచ్చింది, నా చూపుడువేలు మొత్తం దిగింది. ఆయన భార్య మరియమ్మ ఇసకలో తవ్విన దొరువులోంచి కడవలతో నీళ్ళు తెచ్చి పైరు మొదళ్ళలో పోస్తోంది. అరెకరానికి కడవలతో నీళ్ళు! నన్ను చూసి కడవ దించి, "పక్షి తింటుండాదా అయ్యా?" అని అడిగింది. చేను మాట ఎత్తనే లేదు. తింటోందమ్మా, చేపల్ని గొంతులోకే తోస్తున్నాం అన్నాను. తిరుగుదారంతా ఒకటే ఆలోచన. ఈ కుట్టు కూడా ఊడితే ఆమెకి నేనేం ముఖం చూపించాలి?

రెండోసారి కుట్టిన పన్నెండో రోజు బయటి కుట్లు తీసి, సంచిలో చెంబెడు నీళ్ళు పోశాం. నలుగురం నేల మీద మోకాళ్ళేసి కింద నుంచి చూశాం. ఒక్క చుక్క కారలేదు. కాశిం సాయిబు వేలితో కుట్టు తడిమి, "ఇక ఇది నీళ్ళు మోస్తాది," అన్నాడు.

మర్నాడు పొద్దున గంపతో చెరువుకట్ట మీదికి పోయేసరికి ఊరంతా అక్కడే ఉంది. చెరువు పెత్తనం చూసే పెద్దాయన ముందే చెప్పాడు. "ఎగిరితే చాలదు డాక్టరు గారూ. చేప పట్టి మింగాల. అప్పుడే తూము."

వదలగానే ఎగిరింది. పోయి ఒక కడప చెట్టు మీద కూర్చుంది. కూర్చుంది, కూర్చుంది, గంటసేపు కదిలితే ఒట్టు. ఎండ పైకొచ్చింది. ఒకరిద్దరు లేచి ఇంటిదారి పట్టారు. దేవసహాయం మాత్రం కన్నార్పలేదు. మరియమ్మ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన కాబోలు. నేను కూడా మనసులో నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

చివరికి నీళ్ళలోకి దిగింది. మిగతావాటితో కలిసి ఈదుతూ పోయి తల ముంచింది. లేపింది. సంచి నిండుగా ఉబ్బి ఉంది. ముక్కు పక్కల నుంచి నీళ్ళు కారాయి, అది మామూలే, అన్నీ అట్టాగే వదులుతాయి. సంచి కింద నుంచి మాత్రం కారలేదు. తల పైకెత్తి గుటుక్కున మింగింది.

"ఎత్తండ్రా తూము!" అన్నాడు పెద్దాయన.

దేవసహాయం ఉన్నచోటే కూలబడి చేతుల్లో ముఖం దాచుకున్నాడు. జనం నా చుట్టూ మూగారు. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "ఏం చెయ్యి సార్ మీది! బంగారం!" అన్నాడు. పొగడ్తంటే నాకు ప్రాణం, దాచేదేముంది. అయినా ఆ రోజు నా నోటికి నిజమే వచ్చింది. అందరికీ వినబడేట్టు చెప్పాను. "మొదట నేను కుట్టింది ఊడిపోయింది. నిలిచింది కాశిం సాయిబు గారి కుట్టు. ఆయన చెప్పినట్టు సూది ఆడించాను, అంతే." జనం వెనకాల నిలబడ్డ సాయిబు గారిని పెద్దాయనే చెయ్యి పట్టి ముందుకు తెచ్చాడు. నా సర్వీసు మొత్తంలో నేను గర్వంగా చెప్పుకునే కేసు ఇదే. చేతకానప్పుడు తెలిసినవాణ్ణి అడగడం అప్పుడే నేర్చుకున్నాను. తర్వాత కమ్మరినీ, వలలల్లేవాళ్ళనీ, మంత్రసానినీ అడిగాను. ఎప్పుడూ నామోషీ అనిపించలేదు.

నీళ్ళు కాలవలో దేవసహాయం చేను దాకా వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పార భుజాన వేసుకుని ఆయన నీళ్ళ ముందు పరిగెత్తుతూ మడవ తెరిచాడు. నెర్రెల్లోకి నీళ్ళు బుడబుడమంటూ దిగుతుంటే సాయిబు గారూ నేనూ గట్టు మీద నిలబడి చూస్తున్నాం. పంట మొత్తం దక్కలేదు, ఒక మూల ఎండిపోయింది. ఏడాది తిండికి మాత్రం లోటు రాలేదు.

దేవసహాయం చేలోంచి కేకేశాడు. "గట్టు మీద ఎందుకు నిలబడినారయ్యా? చెప్పులిప్పి దిగండి! ఈ నీళ్ళు మీ ఇద్దరివే!"

ఇద్దరం చెప్పులిప్పి దిగాం.