కరోనా రోజుల్లో ఇంకో పరీక్ష

ఆ అక్టోబరులో ‘పాజిటివ్’ అంటే అందరికీ ఒకటే అర్థం. విడిపోయిన నా భర్త దగ్గర్నుంచి "టెస్ట్ పాజిటివ్ వచ్చింది" అని మెసేజ్ వస్తే నేనూ కరోనా అనే అనుకున్నాను. కింద ఇంకో వాక్యం ఉంది: "కోవిడ్ కాదు, హెచ్‌ఐవి. నువ్వూ చేయించుకో. సారీ."

మార్చిలో, మేమింకా కలిసి ఉన్నప్పుడు, నాకు జ్వరం వచ్చింది. గొంతు నొప్పి, వీపు మీద దద్దుర్లు. డాక్టర్ వీడియోలో చూసి "కోవిడే అయ్యుంటుంది, ఇంట్లోనే ఉండండి" అన్నాడు. అప్పుడు ఏ టెస్టూ దొరికేది కాదు. జ్వరం తగ్గింది, మర్చిపోయాను. మెసేజ్ చదివాక ఆ దద్దుర్లు గుర్తొచ్చాయి. హెచ్‌ఐవి సోకిన కొత్తలోనూ ఇవే లక్షణాలుంటాయని నెట్‌లో చదివాను.

మేముండే చికాగో శివారు షామ్‌బర్గ్ చుట్టుపక్కల ఫోన్ చేసిన ప్రతిచోటా నిరాశే. ఒక క్లినిక్ మొత్తాన్ని కోవిడ్ టెస్టులకి ఇచ్చేశారు. ఇంకోచోట నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండుగ అయ్యాక రమ్మన్నారు. టెస్ట్ కిట్ ఇంటికే తెప్పించుకోవచ్చట. కానీ అపార్ట్‌మెంట్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఫలితం చెప్పే ఆ గీత కోసం ఎదురుచూసే ధైర్యం లేదు. చికాగోలో ఒక క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ లేకుండానే వెళ్ళొచ్చని వెబ్‌సైట్‌లో ఉంది. శుక్రవారం సెలవు పెట్టి బయల్దేరాను. కారు ఆయన తీసుకెళ్ళాడు కాబట్టి ట్రైనే గతి.

ఎనిమిదిన్నరకి ట్రైన్. టికెట్ ముందే యాప్‌లో తీసుకోవాలి. కండక్టర్ దగ్గరికి రాడు, ఫోన్ ఎత్తి చూపిస్తే దూరం నుంచే తల ఊపుతాడు. పెట్టెలో నాతో పాటు ఒక పెద్దావిడ మాత్రమే ఉంది.

"ఆఫీసుకేనా?" అంది మాస్క్ వెనక నుంచి.

"అవును," అన్నాను.

"మంచిది. నేను మా ఆయన్ని చూడటానికి. నర్సింగ్ హోమ్ కిటికీ బయట నిలబడి చెయ్యి ఊపి వస్తాను."



చికాగో యూనియన్ స్టేషన్‌లో నా చెప్పుల చప్పుడు నాకే వినిపించింది. ఎప్పుడూ కిటకిటలాడే హాల్లో బెంచీలకి టేపు కట్టేశారు. తెరిచి ఉన్న ఒక్క కొట్లో కాఫీ తీసుకుని, పడమటి వైపు వెళ్ళే బస్సెక్కాను. డ్రైవర్ చుట్టూ ప్లాస్టిక్ తెర. దారంతా మూసిన షాపులే.

పదకొండు కాకముందే క్లినిక్ చేరాను. తలుపుకి తాళం. శుక్రవారాలు తెరవడం లేదని అద్దానికి కాగితం అంటించారు. అక్కడే మెట్ల మీద నిలబడి ఏడ్చేశాను. చూసేవాళ్ళు ఎవరూ లేరనుకున్నాను.

"నాకూ అదే అనిపిస్తోంది," అన్నారెవరో. అరవై దాటిన నల్లజాతి పెద్దమనిషి. పేరు వాల్టర్ అన్నాడు. హోటల్లో ఉద్యోగం పోయి ఇన్సూరెన్స్ కూడా పోయిందట. వసంతకాలంలో చేయించుకోవాల్సిన టెస్ట్ అప్పట్నుంచీ వాయిదా పడుతూనే ఉందట. కాగితం మీది నంబరుకి ఆయనే ఫోన్ చేశాడు. ఒక చర్చి పార్కింగ్ లాట్‌లో టెస్టింగ్ వ్యాన్ ఉందన్నారు.

"రండి, నాకు దారి తెలుసు," అన్నాడు.

బస్సులో మధ్యలో రెండు సీట్లు వదిలి కూర్చున్నాం. మాట వినపడాలంటే గట్టిగా మాట్లాడాలి. "ఈ జబ్బుకి మందులు రాకముందు మా తమ్ముడు పోయాడు. అందుకే నేను తెలుసుకోకుండా ఉండలేను," అన్నాడు. ముందు కూర్చున్నావిడ వెనక్కి తిరిగి చూసింది. ఆయన పట్టించుకోలేదు. నేను తలదించుకున్నాను.

వ్యాన్‌లో వేలికి సూది గుచ్చి చుక్క రక్తం తీసుకున్నారు. బయట చలిగాలిలో, దూరం దూరంగా వేసిన మడత కుర్చీల్లో కూర్చున్నాం. వాల్టర్‌ని ముందు పిలిచారు. బొటనవేలు పైకెత్తి దిగాడు. తర్వాత నన్ను.

"రియాక్టివ్ వచ్చింది, అంటే పాజిటివ్ కావచ్చు," అంది నర్సు మెల్లగా. "ఖాయం చేయడానికి ఇంకో శాంపిల్ పంపుతాను. నిజమే అయినా మంచి మందులున్నాయి, అందరిలాగే బతుకుతారు."

నా నోట మొదట వచ్చిన మాట, "నా వీసా?"

"హెచ్‌ఐవి ఉన్నవాళ్ళు అమెరికా రాకూడదన్న నిషేధం ఎప్పుడో ఎత్తేశారు," అంది. నా భుజం మీద వెయ్యబోయిన చెయ్యి గాల్లోనే ఆపుకుని, టిష్యూ డబ్బా నా వైపు జరిపింది.

దిగేసరికి వాల్టర్ ఇంకా అక్కడే ఉన్నాడు. నా చేతిలో టిష్యూ చూశాడు. ఆరడుగుల అవతల నిలబడి చేతులు బార్లా చాపి, తన్ను తానే గట్టిగా కౌగిలించుకున్నాడు. నేనూ అలాగే చేశాను. ఆ రోజు నన్ను ఎవరైనా దగ్గరికి తీసుకున్నారంటే అదే.

రెండో రిపోర్టూ పాజిటివే. ఈసారి ఒక లేడీ డాక్టర్ వీడియోలోనే చూసి మందులు మొదలుపెట్టింది. తర్వాతి వసంతానికల్లా రక్తంలో వైరస్ కనపడనంత తగ్గింది. ఈ పని మీద బయల్దేరేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే: వెబ్‌సైట్‌ని నమ్మకండి, ఫోన్ చేసి వెళ్ళండి. వీలుంటే తోడు తీసుకెళ్ళండి. జ్వరమొస్తే ఒక్క జబ్బు గురించే ఆలోచించి ఊరుకోకండి.

ఆ శుక్రవారం సాయంత్రం తిరుగు ట్రైన్‌లో పెట్టెలో నేనొక్కదాన్నే. ఇంకో రాష్ట్రంలో, ఐసెలిన్‌లో ఉండే స్నేహితురాలు సునీతకి ఫోన్ చేసి, విషయం మొత్తం తెలుగులో, పైకే చెప్పాను. 

"నేను వచ్చేయనా లతా?" అంది.

"ఫ్లైట్‌లో వద్దే. మీ ఇంట్లో పసిపిల్ల ఉంది."

"అయితే ఫోన్ పెట్టకు. మాట్లాడక్కర్లేదు, అలా ఉంచు."

ఉంచాను. అక్కడ కుక్కర్ విజిల్ వేసింది. పాప ఏడ్చింది, ఊరుకుంది. ఎవరో కుళాయి తిప్పారు. కిటికీ బయట ఊర్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. షామ్‌బర్గ్‌లో దిగి, ఇంటిదాకా నడిచి, తలుపు తీసి లైటు వేసేదాకా ఆ ఇంటి చప్పుళ్ళు నా చెవిలోనే ఉన్నాయి.