ఒక్కతే పాట వినని మా వదిన

మా వదిన పోయిందని మొన్న పొద్దున కబురు వచ్చింది. ఫోనులో ఆమె కోడలు ఏడుస్తూ చెప్పింది. "రాత్రి మంచిగనే తిన్నది, మంచిగనే మాట్లాడింది. పొద్దుగాల చాయ్ తీస్కపోయి లేపితే లేవలే." వెళ్లి చివరిచూపు చూసి వచ్చాను. అక్కడ చేరిన పిల్లలూ, వాళ్ల పిల్లలూ ఆమెను తొంభైకి దగ్గరపడిన ముసలమ్మగానే ఎరుగుదురు. నేను ఆమెను పదహారేళ్ల పిల్లగా ఎరుగుదును. అట్లా ఎరిగినవాళ్లలో ఇంకా మిగిలింది నేనొక్కదాన్నే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నిజాం కాలం చివరి రోజులవి. కొత్తకోట నుంచి ఆత్మకూరు వైపు పోయే దారిలో, సడక్ నుంచి కొంచెం లోపలికి మా ఊరు. మాది మగ్గాల ఇల్లు. నాయిన పోయాక మా అన్న మగ్గం మీద కూర్చున్నాడు. అమ్మా నేనూ రాట్నం మీద నూలు కండెలు చుట్టేవాళ్లం. వదిన పాలమూరు నుంచి వచ్చింది. వాళ్ల నాయిన మగ్గం వదిలిపెట్టి రైలు స్టేషన్లో పనికి కుదిరినవాడు. వాళ్ల అన్న హైదరాబాదులో ఒక టాకీసు గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. ఆ ఇద్దరి వల్ల, మా ఊరికి ఏళ్ల తర్వాత గానీ చేరని సంగతులు ఆమెకు ముందే తెలిసేవి.

కొత్త కోడలిని చూడడానికి ఆడవాళ్లంతా వచ్చారు. వదిన నీలిరంగు రవిక వేసుకుంది. దాని చేతులు భుజాల దగ్గర బుగ్గల్లా ఉబ్బి ఉన్నాయి. అట్లాంటిది మేమెవ్వరం చూడలేదు. వచ్చినవాళ్లు ముఖం చూడడం మానేసి భుజాలు చూశారు. వాళ్లు వెళ్లేదాకా ఆగి అమ్మ అడిగింది.

"గీ చేతులేంది బిడ్డా, గుమ్మడికాయల లెక్క?"

"గాలాడుతది అత్తమ్మా," అన్నది వదిన, ఎంతో నెమ్మదిగా. "నీకు కూడ కుట్టిస్త. ఒక్కసారి ఏస్కొని చూడు."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోపమో నవ్వో నాకు అప్పుడు తెలియలేదు.

ఆమె తెచ్చిన పెట్టెలో చీరల అడుగున టాకీసు పాటల పుస్తకాలు ఉండేవి. బొమ్మ ఆడుతున్నప్పుడు హాలు దగ్గర అమ్మే పలుచటి పుస్తకాలు అవి. వాళ్ల అన్న పంపినవి. అప్పటికి నాకు చదవడం రాదు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తనే చదివి, రాగం తెలిసినవి పాడి, తెలియనివాటికి ఇద్దరం కలిసి రాగం కట్టేవాళ్లం. ఒకటి అయిపోయి నేను లేవబోతే, "జర ఆగు పిల్లా, ఇంకోటుంది" అని చెయ్యి పట్టుకునేది. ఆ "ఇంకోటి" ఎప్పుడూ ఉండేది. జడకు రిబ్బను ఎట్లా ముడేస్తారు, పట్నం పిల్లలు పైట ఏ భుజం మీదికి ఎట్లా వేస్తారు, టాకీసులో ఏడ్చే పిల్ల నిజంగా ఏడుస్తుందా లేదా, అన్నీ నాకు చెప్పాలి. చెప్పి నా ముఖంలోకి చూసేది. "నువ్వు విన్నంక నీ మొకం చూస్తనే గద, అది బాగుందో లేదో నాకు తెలిసేది" అనేది.

మా పెరటి గోడ అవతలి బాట మీదుగా కూలివాళ్లు పొలాలకు పోయేవారు. వాళ్లలో రూతమ్మ ఒకతె. వాళ్ల కుటుంబం ఊరి దొర గడీ భూముల్లో కూలి చేసేది. క్రైస్తవంలో కలిసినవాళ్లు. రూతమ్మ పాలమూరులో మిషను వాళ్ల బడిలో ఉండి కొంత చదువుకుని, కుట్టుపని నేర్చుకుని, తల్లికి ఒంట్లో బాగాలేక ఊరికి తిరిగి వచ్చింది. మా ఈడుదే. ఒకరోజు వదిన పాట విని గోడ దగ్గర ఆగింది.

"అక్కా, అది పాలమూరు డేరా టాకీసుల నేను బయట నిలబడి విన్న పాట," అన్నది.

"నేను లోపల కూసోని విన్న. ఇద్దరం ఒక్క దినమే విన్నమేమో!" అన్నది వదిన. పాలమూరు మనిషి దొరికిందని ఆమె కళ్లు మెరిశాయి.

ఆ రోజు నుంచి రూతమ్మ పనికి పోతూ వస్తూ గోడ దగ్గర ఆగేది. ఆమె కూడా ఉత్తచేతులతో రాలేదు. మిషను బడిలో నేర్పిన పాట ఒకటి తెచ్చింది. అదే మాటను ఒకరు పై గొంతుతో, ఒకరు కింది గొంతుతో పాడి కలుపుతారని చెప్పి, మా చేత పాడించింది. గోడకు అటు ఆమె, ఇటు వదిన. రెండు గొంతులు వేరుగా పోతూనే ఒక్కటిగా వినిపించేసరికి వదిన పాట ఆపేసి నన్ను గట్టిగా కావలించుకుంది. "ఇన్నవా? ఇన్నవా పిల్లా?" అని ఊపేసింది. ఆ సాయంత్రమంతా అన్నకు కింది గొంతు నేర్పాలని చూసింది. అన్నకు ఏ గొంతూ రాలేదు.

మరుసటి వానాకాలం వదిన వాళ్ల అన్న మా ఇంటికి గ్రామఫోను తెచ్చాడు. పెళ్లిళ్లకు కిరాయికిచ్చే దుకాణంలో పాడై మూలపడితే బాగు చేయించి తెచ్చాడు. ఆ పెట్టెకు చావి తిప్పి, ప్లేటు మీద ముల్లు ఆనించగానే లోపలి నుంచి మనిషి గొంతు వచ్చింది. అమ్మ రెండు చేతులూ జోడించింది. ప్లేట్లు కొన్నే. అందులో రేవు దగ్గర పడవ కోసం ఎదురుచూసే పిల్ల పాట అందరికీ ప్రాణమైంది.

వదినకు ఒకటే తొందర, రూతమ్మ వినాలని. రూతమ్మను పెరటి తలుపు దాకా పిలుచుకొచ్చింది. అమ్మ అడ్డం నిలబడింది.

"పిల్ల మంచిదే, పాటా మంచిదే. గడప దాటుడు మాత్రం వద్దు బిడ్డా. నలుగురేమంటరు?"

రూతమ్మ తల వంచుకుని వెనక్కి తిరిగింది. వదిన గొడవ పడలేదు. "ఆమె లోపలికి రావొద్దన్నవు గని, పెట్టె బయటికి పోవొద్దనలే గద అత్తమ్మా" అని, పెట్టెను నడుం మీద పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వాకిలి దాటింది. మా ఇంటి ముందు, మగ్గానికి ఎక్కించే నూలు పడుగులు చాచే బయలు ఉండేది. పొద్దున పని అయిపోతే అది ఖాళీ. అక్కడ ఒక పీట మీద పెట్టె పెట్టి చావి తిప్పింది.

ఆ రోజు రూతమ్మ ఒక్కతే విన్నది. మర్నాటికి వాళ్ల వాడ ఆడవాళ్లు వచ్చారు. తర్వాత నూనెగానుగ ఇంటి కోడళ్లు, మంగలి ఇంటి ముసలమ్మ, పిల్లలను చంకనేసుకున్న తల్లులు. ఎవరి మధ్య ఎంత దూరం ఉండాలో అంత దూరం ఉండేది మొదట్లో. పాట వినపడక కొంచెం కొంచెం దగ్గరికి జరిగేవారు. అమ్మ మాత్రం రాలేదు. వాకిట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పాట మొదలైతే రాట్నం చప్పుడు తగ్గేది.

ఈ సంగతి గడీకి చేరకుండా ఉంటుందా? నాట్లు వేసే ఆడవాళ్లు పగటన్నానికి వచ్చి ఆలస్యంగా పోతున్నారని ఎవరో చెప్పారు. గడీ మనిషి వచ్చి, పెట్టె తీసుకుని రమ్మని అన్నను పిలిచాడు. అన్న మగ్గం దిగి పెట్టె ఎత్తుకున్నాడు. ఆ రోజుల్లో గడీ నుంచి పిలుపంటే ఏం జరుగుతుందో చెప్పలేం. "నేను కూడ వస్త. పెట్టె నాది," అని వదిన వెంట నడిచింది. అమ్మ వాకిట్లోనే ఉండిపోయింది. వాళ్లు తిరిగి వచ్చేదాకా మేమిద్దరం పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

అక్కడ జరిగింది వదిన తర్వాత నాకు చెప్పింది. దొర కుర్చీలో కూర్చుని, "ఏందిరా, మీ ఇంట్ల టాకీసు పెట్టినవట? నాట్లు ఇడిసిపెట్టి కూలోళ్లంత నీ ముంగటనే ఉంటున్నరట?" అన్నాడట. "తప్పయింది దొరా," అన్నాడు అన్న. ఒకసారి పాడించమన్నాడు దొర. పాడించింది. లోపలి తలుపు వెనుక దొరసాని నిలబడి విన్నది. పాట అయ్యాక దొర, "పెట్టె ఈడ ఉండనీ. మీరు పోండ్రి" అన్నాడు. అంతే.

వదిన లేచి, వెళ్లకుండా ఆ తలుపు వైపు తిరిగిందట. "దొరసానీ, ముల్లు దినాం మార్చాలె. లేకుంటే ప్లేటు గీరుకపోతది. రెండో దిక్కున్న పాట ఇంకా బాగుంటది, అది కూడ వినుండ్రి," అని చెప్పి వచ్చిందట.

దారిలో అన్న మండిపడ్డాడు. "పెట్టె గుంజుకున్నోళ్లకు పాటలు చూపిస్తవా?"

"గుంజుకున్నది దొర. ఆమె ఏం చేసింది? తలుపెనక నిలబడి ఆమె విన్న తీరు చూస్తే నాకు మనసాగలే."

అంత మాట చెప్పిన వదిన ఇంటికి వచ్చాక మూగబోయింది. మగ్గం గదిలోనే కూర్చునేది. పాటల పుస్తకాలు తీయలేదు. నేను జడ వేసి రిబ్బను చూపిస్తే తలాడించి ఊరుకునేది. రూతమ్మ గోడ దగ్గర ఆగి పిలిస్తే పలికేది కాదు. తన వల్ల అన్న దొర ముందు చేతులు కట్టుకోవలసి వచ్చిందన్న బాధ అది. మాకు ఆ పెట్టె లేకపోవడం కంటే ఈ మౌనం బరువైంది. పడవ పాటను అమ్మ రాట్నం దగ్గర తనలో తాను అనుకునేది. మొదటి చరణం అయ్యాక ఆగిపోయేది. మళ్లీ మొదటికి వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఎండ బాగా కాస్తోంది. గోడ అవతల నుంచి రూతమ్మ, "అక్కా, పెట్టె పోయింది గని పాట యాడికి పోలే. నాట్లేసేటోళ్లమంత పాడుతున్నం. ఇను," అని గొంతెత్తింది. మొదటి చరణం, రెండోది. అమ్మ రాట్నం ఆపి పెరటి తలుపు దగ్గరికి పోయింది.

"ఏ పిల్లా, ఆ నడిమి చరణం ఇంకోసారి అను."

రూతమ్మ పాడింది. గాలికి సగం మాటలు కొట్టుకుపోయాయి.

"నాకు ఇనవడ్త లేదు. లోపలికి రా."

రూతమ్మ కదలలేదు. "లోపలికా అమ్మా?"

"లోపలికే. గోడ మీదికెల్లి పాట నేర్పుతవా? ఎండల ఎంతసేపు నిలబడుతవ్, రా!"

రూతమ్మ వచ్చింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కాలు లోపల పెట్టింది. అమ్మ కండెల గంపను పక్కకు జరిపి తన పక్కన జాగా చేసింది. ఇద్దరూ కూర్చుని రెండో చరణం మొదలుపెట్టారు. అమ్మ మాట తప్పడం, రూతమ్మ అందించడం. మగ్గం చప్పుడు ఆగింది. వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అత్తను, రూతమ్మను మార్చి మార్చి చూసింది. ఆమె ముఖం ఏడుపుకు వచ్చి, అక్కడి నుంచి పాటకు వచ్చింది. కింది గొంతు అందుకుంది.

ఆ సాయంత్రం అమ్మ ఆ జాగాను నీళ్లతో కడుగుతుందేమోనని చూశాను. కడగలేదు. ఊళ్లో నలుగురూ అన్నారు, బావి దగ్గర అమ్మ మాటలు పడింది. "మీ కోడండ్లు పాడుతున్న పాట యాడ నేర్చిన్రో ముందుగాల అడుగుండ్రి," అని కడవ ఎత్తుకుని వచ్చేసింది. కొన్నాళ్లకు రూతమ్మ మా ఇంట్లోనే కూర్చుని రవికలు కుట్టడం మొదలుపెట్టింది. ఆ ఏటి పండగకు మా వీధిలో ఎవరి భుజాలు చూసినా బుగ్గచేతులే. అమ్మ కూడా వేసుకుంది, ఇంట్లో మాత్రమే. "గాలాడుతది," అన్నది ఎవరూ అడగకుండానే.

తర్వాత రజాకార్ల భయం వచ్చింది, పోయింది. గడీ ఖాళీ అయింది, దొర కుటుంబం పట్నం పోయింది. ఆ పెట్టె మళ్లీ మాకు దక్కలేదు. వదిన దాని గురించి ఎన్నడూ అడగలేదు. దొరసాని రెండో దిక్కు పాట విన్నదో లేదో అని మాత్రం రెండు మూడు సార్లు అన్నది.

దారులు కుదుటపడ్డాక నాకు ఆత్మకూరు సంబంధం కుదిరింది. పెళ్లికి వదిన వాళ్ల అన్న వచ్చాడు, ఈసారి నోట్లో ఒక కొత్త పాటతో. పొయ్యిల దగ్గర పరుగులు పెడుతూనే వదిన అది ఆయన దగ్గర పట్టుకుంది. నాకు చెప్పడానికి మాత్రం సందు దొరకలేదు. అప్పగింతలయ్యాయి, బండి కదిలింది. నేను కొంగులో ముఖం పెట్టుకుని ఏడుస్తున్నాను. చూస్తే బండి పక్కన వదిన నడుస్తోంది.

"ఏడ్పు ఆపు పిల్లా. ఇది నీకు రానే రాదు. జల్ది పట్టుకో."

ఒక్కో ముక్కా పాడింది. నేను ఎక్కిళ్ల మధ్య అన్నాను. తప్పంటే ఎడ్లతో పాటు నడుస్తూ మళ్లీ చెప్పింది. మా ఆయన ముఖం అటు తిప్పుకుని కూర్చున్నాడు, వేళ్లు మాత్రం బండి చట్రం మీద తాళం వేస్తున్నాయి. ఊరి పొలిమేర దాటాం, జొన్నచేన్లు దాటాం. పాట మొత్తం నా నోట పలికాక ఆమె ఆగిపోయింది. బండి ముందుకు పోతోంది. దారి నడుమ, దుమ్ములో, పెళ్లికని కట్టుకున్న చీర కొంగు నడుముకు బిగించి, వదిన ఒక చెయ్యి పైకెత్తి తాళం వేస్తూ నిలబడింది. నేను పాడుతూనే ఉన్నాను. ఆమెకు వినపడనంత దూరం వచ్చాక కూడా ఆ చెయ్యి లేస్తూ, దిగుతూ కనిపించింది.