ఒంటి రెక్క సీతాకోకచిలుక

అనకాపల్లిలో ఒక కాలేజీ జంతుశాస్త్రం గదికి బంట్రోతు సుభాని. ప్రాణికోటిని ఆయన రెండే వర్గాలుగా విభజించాడు: సీసాలో నిలిచేవి, పెట్టెలో నిలిచేవి. సీసాలో ఆస్ట్రేలియా సంచిజంతువు పిల్ల ఉంది. దాని మీద లెక్చరరుగారు స్వయంగా ‘అరుదైనది’ అని రాసిన ఎర్ర చీటీ. పెట్టెలో నీలిరెక్కల సీతాకోకచిలుక, ఏ చీటీ లేకుండా. రోజూ పొద్దున్నే సుభాని భుజం మీది తువ్వాలుతో సీసా తుడిచి, పెట్టెలో కలరా ఉండలు సర్దేవాడు. అయినా 1965లో ఒకనాడు, బెల్లం తిని బలిసిన ఊరి చీమలు ఒక రెక్క పట్టుకుపోయాయి.

“పారెయ్ సుభానీ. సీసాలోది పాలిచ్చే జాతి, పోతే మళ్ళీ దొరకదు. ఇది పురుగు, కోకొల్లలు. కొండకర్ల ఆవ చెరువు దగ్గర ఇంకోటి పట్టుకురా,” అన్నారు లెక్చరరుగారు.

సుభాని పారెయ్యలేదు. నాలుగు ఆదివారాలు వల భుజాన వేసుకుని నీటి అంచంతా తిరిగాడు. చివరి ఆదివారం మర్నాడు ఖాళీ వల తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“లేవు సార్. నా సిన్నప్పుడు మొహమ్మీద వాలేవి. ఇప్పుడు సూద్దామంటే ఒక్కటీ కనబడ్లేదు. ఇంకేటి పారేత్తాం దీన్ని?”

లెక్చరరుగారు చాలాసేపు సీతాకోకచిలుకల పుస్తకం తిరగేశారు. అందులో కొండకర్ల పేరే లేదు. చివరికి ఎర్ర సిరా తీసి రెండో చీటీ రాశారు. సుభాని దాన్ని ఒంటి రెక్క కింద అంటించి, పెట్టె ఉన్న బల్ల నాలుగు కాళ్ల కిందా నీళ్ల గిన్నెలు పెట్టాడు.