దోన్యా తేక్లా నోట ముందొచ్చే ముగింపు

పెద్దరికానికి మేమంతా దోన్యా అని పిలిచే తేక్లా, ఏ కథ చెప్పినా చివరినుంచే మొదలుపెడుతుంది. పెళ్ళికి వెళ్ళొచ్చిందంటే, "ఆఖర్న మామగారు కుర్చీతో సహా బోర్లా పడ్డాడు" అంటుంది. పెళ్ళెవరిదో, ఆయనెందుకు పడ్డాడో తెలియాలంటే మనం బతిమాలుకోవాలి. పొద్దున్నే ఆవిడ దగ్గర ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న తమాలెలు కొనబోతే, రేడియో నాటకంలో హంతకుడెవరో చెప్పాకే పొట్లం చేతికిస్తుంది.

తప్పు ఆవిడది కాదు, మా ప్వెబ్లా ఊరి సినిమా హాళ్ళది. ఒక్క టిక్కెట్టు కొంటే పొద్దుపోయేదాకా కూర్చుని ఆడిన సినిమానే మళ్ళీ మళ్ళీ చూడవచ్చు. తేక్లా తన బేరం ముగించుకుని వెళ్ళేది కాబట్టి ఎప్పుడూ సగంలోనే దూరేది. ముందు కథలోవాళ్ళ చావులు చూసి, ఆ తర్వాత తీరిగ్గా వాళ్ళ ప్రేమలు చూసేది.

"చివర తెలిస్తే స్థిమితంగా ఉంటుందయ్యా ఇలారియో," అనేది నాతో. "నేను చెప్పిన ముగింపు ఏనాడన్నా తప్పిందా?"

తప్పలేదు. అదే నా కడుపుమంట.

ఆ యేడు టీవీలో ఒక సీరియల్, ఒకే వాకిలి చుట్టూ గదుల్లో కాపురముండే మా అందర్నీ పట్టుకుంది. పాడుబడ్డ బంగళా, చచ్చిపోయినా నల్లముసుగు వేసుకుని తిరిగే యజమానురాలు, ఆవిడ కన్నుపడ్డ ఉయ్యాల్లోని పసివాడు. ఎప్పటిదో నలుపు తెలుపు దయ్యాల సినిమాలోంచి ఎత్తిన కథ. ఆ సినిమా చూసింది మా అందరిలోకీ తేక్లా ఒక్కతే. ఇక చెప్పేదేముంది.

టీవీ ఉన్నది నా పక్క గదిలో, ఒతీలియా ఇంట్లో. ఒతీలియాకి అప్పుడు ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. "ఈసారి దడుపు తగిలిందా, బిడ్డ దక్కదు" అని మంత్రసాని కచ్చితంగా చెప్పింది. సీరియల్ మానమంటే మాత్రం ఆ పిల్ల తిండి మానేసేలా ఉంది.

"ఇప్పుడు తెర వెనకనుంచి చెయ్యొస్తుంది," అనేది తేక్లా. చెయ్యి వచ్చేది.

"ఇప్పుడు దీపం ఆరిపోతుంది." ఆరిపోయేది.

"మమ్మల్ని కాస్త భయపడనివ్వండి తల్లీ," అనేవాణ్ణి.

"అంత సరదాగా ఉంటే వెళ్ళి అద్దంలో చూసుకో."

ఒతీలియా పొట్ట పట్టుకుని నవ్వేది. ఆపైన రోజూ అదే ప్రశ్న. "బిడ్డ సంగతేమవుతుంది దోన్యా?"

"చర్చి గంట మోగేసరికి దాది ఎత్తుకొచ్చి తల్లి ఒళ్ళో పెడుతుందే. కళ్ళారా చూశాను."

సీరియల్ పుణ్యమా అని ఆ పాత సినిమాని మా పేట హాల్లో మళ్ళీ వేశారు. వెళదామంది ఒతీలియా. తేక్లా మొహం మాడిపోయింది.

"పాత బొమ్మ, అన్నీ గీతలే ఉంటాయి. ఇంట్లో పడుకోరాదూ?"

"చివర మీరు చెప్పేశారుగా, ఇంకా భయమేంటి?"

తేక్లా గబగబా మాట మార్చి తమాలెల ధరల సంగతి ఎత్తుకుంది. సంగతేమిటో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం వెళ్ళాం. ప్రతి తలుపునీ, ప్రతి నీడనీ తేక్లా ముందే చెప్పేసింది.

"అమ్మగారూ, మీ సినిమా అయ్యాక మా సినిమా వేయిస్తారా?" అన్నాడు వెనకాయన.

"కంగారుపడకండి, మీరనుకున్నట్టు విషం పెట్టింది వంటామె కాదు," అంది తేక్లా.

నల్లముసుగు ఉయ్యాలవైపు నడుస్తోంది. గంట మోగింది. తేక్లా లేచి నిలబడింది. దాంతో సగం తెర మాయమైంది.

"అయిపోయింది. ఇక పేర్లే. పద, కాలు తిమ్మిరెక్కింది."

"మరి బిడ్డో?"

"దాది తెస్తోంది, ఆ అడుగుల చప్పుడు వినపడట్లా? జనం తోసుకుంటే నీ పొట్టకి తగులుతుంది, నడు."

రెక్క పట్టుకుని లాక్కుపోయింది. నేను కదల్లేదు. దాది రానే వచ్చింది. ఉయ్యాల ఖాళీగా ఉంది. అందులో నల్లముసుగు తప్ప ఏమీ లేదు.

నా ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత ఆశ్చర్యం మొదలైంది. ముగింపు తప్పు చెప్పడమంటే తేక్లాకి పరువు పోవడమే. సీరియల్ ఆఖరి భాగం వచ్చాక వాకిలంతా ఆవిణ్ణి ఏడిపిస్తుంది, అందరికంటే ముందు నేను. అది తెలిసే చెప్పింది. అప్పటికి ఒతీలియా పురుడు అయిపోతుంది మరి. (అయింది, క్షేమంగా. నేనూ ముందే చెప్పేస్తున్నాను.) ఆ చేతుల గురించీ దీపాల గురించీ ఎందుకు ముందే కూసేదో కూడా ఆ ఖాళీ ఉయ్యాల చూసేదాకా నా మట్టిబుర్రకి తట్టలేదు. చెప్పి వచ్చే చెయ్యి ఎవరినీ దడిపించదు. ఆ నోటి మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

బయట మెట్లమీద ఒతీలియా ఎండురొట్టె నములుతోంది. దడుపుకి మా వైపు అదే మందు. తేక్లా నా మొహం చూసి, సంచిలోంచి ఇంకో రొట్టె తీసి నా చేతిలో పెట్టింది.

"చివరికేమైంది?" అంది ఒతీలియా.

తేక్లా నాకేసే చూస్తోంది. ముగింపు ఏమిటో ఆవిడకి తెలియకపోవడం బహుశా అదే మొదటిసారి.

"దాది తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది," అన్నాను. "వాడు బోసినవ్వు కూడా నవ్వాడు."

ఒతీలియా తృప్తిగా రొట్టె ముగించింది. తేక్లా నా నెత్తిన గట్టిగా ఒక మొట్టికాయ వేసింది.

"సిగ్గులేదూ? ఇంతమంది టిక్కెట్టు కొనుక్కుని లోపలికెళ్తుంటే, గుమ్మంలో నిలబడి ముగింపు చెప్పేస్తావా?"