రెండు తీగలూ ఒకే చోట

మరైగూడలో మా అక్క కడక్‌నాథ్ కోడిగుడ్లను కరెంటు పెట్టెలో పొదిగిస్తుంది. బావ పోయాక ఆమె బతుకంతా ఆ పెట్టె మీదే. ఆ వానాకాలం కరెంటు తీగ తెగిపడింది, ముసురు వదల్లేదు, ఎండ లేక సోలార్ బ్యాటరీలు నీరసించాయి. పెట్టె చల్లబడుతోందని అక్క కబురు పెడితే వెళ్ళాను.

వరసగా కలిపిన నాలుగు బ్యాటరీలు. ఒక్కోదాని వోల్టేజీ చూపే చిన్న బోర్డు నేనే చేసిచ్చాను. పై బ్యాటరీ రెండు కొసలూ కింది మూడింటి వోల్టేజీ మీద ఎక్కి కూర్చుంటాయి. ఆ ఉమ్మడి ఎత్తును పక్కన పెట్టి, రెండు కొసల మధ్య తేడాను మాత్రమే చెప్పడం బోర్డులోని డిఫరెన్స్ యాంప్లిఫయర్ పని. కింది మూడూ పన్నెండుకు దగ్గర, పైది మాత్రం పదిన్నర అంది బోర్డు.

నాకు ప్రాణం లేచొచ్చింది. చెడింది ఒక్కటే అయితే వారంటీ ఉంది. కోంటా డీలరుతో ఫోన్లోనే బేరానికి దిగాను. ఛార్జి చేసిన కొత్తది సాయంత్రంలోగా ట్రాక్టర్ మీద వాగు దాటించాలి, కిరాయి కూడా అతనిదే అన్నాను. గొణిగి గొణిగి ఒప్పుకుని, ముందు బోర్డు ఫోటో పంపమన్నాడు. కిరాయి కూడా గెలిచానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఫోటో తీయబోయి ఆగాను. కిరాణా కొట్లో పెరిగిన పాడు బుద్ధి. ఇప్పపువ్వు తెచ్చినవాళ్ళు తక్కెడను అనుమానిస్తే మా నాన్న ఖాళీ తట్టలు చూపి ఊరుకునేవాడు కాదు, రెండు వైపులా సమానమైన రాళ్ళు వేసేవాడు. తక్కెడ వంకర బరువు పడ్డాకే బయటపడుతుంది. నేనూ బోర్డు తీగలు రెండింటినీ పై బ్యాటరీ ఒకే కొసకు తాకించాను. తేడా లేదు కనుక సున్నా రావాలి. సున్నా కంటే ఒక వోల్టుకు మించి తక్కువ చూపింది. బోర్డు కోసం నేను గీసి గీసి బేరమాడి తెచ్చిన రెసిస్టర్లు ఒకదానికొకటి సరిపోలేదు, ఉమ్మడి ఎత్తులో కొంత తేడాలోకి కారింది. ఆ తగ్గింది పదిన్నరకు కలిపితే పై బ్యాటరీ కూడా మిగతావాటిలాగే ఉంది. పన్నెండుకు దిగిందంటే ఈ బ్యాటరీల్లో మిగిలేది కొద్దే; నాలుగూ సమానంగా ఖాళీ. ఒక్క కొత్తది వచ్చినా పెట్టె నడవదు.

"ఏది మార్చాలె తమ్మీ?" అంది అక్క.

"ఏదీ కాదక్కా. నాలుగూ మంచిగనే ఉన్నయి. ఎండ లేదు, గంతే."

"మంచిగుంటే గుడ్లెందుకు సల్లబడ్తున్నయి మరి?"

డీలరుకు వద్దని చెప్పాను. ఇంతసేపు బేరమాడి ఇదేంది అని నవ్వాడు.

ఊళ్ళో పొదుగు మీదున్న పెట్టలు రెండే దొరికాయి. అక్క ఒక్కో గుడ్డునూ టార్చి ముందు పట్టి, లోపల కదలిక ఉన్నవాటిని ఏరడం మొదలుపెట్టింది. అన్నిటిలోనూ ఉంది. కాసేపటికి చూడటం మానేసి, రెండు పెట్టల కింద పట్టేన్ని, చేతికందినవి కొంగులో వేసుకుంది. మిగతావాటి మీద మూత నేను వేశాను.