గాజుపలక మీద నలభై ఏడు

మా ఆవిడ శాంతమ్మ రొమ్ములో శనగగింజంత గడ్డ కనిపించింది. మా ఊరి ఆసుపత్రిలో సూదితో ముక్క తీసి, అనుమానంగా ఉంది, కోలారు పక్కన తమకలోని పెద్దాసుపత్రిలో మరోసారి చూపించమన్నారు. ఆ ముక్కను మోసుకెళ్లాల్సింది కూడా మనమే. ముక్కను పొదిగిన మైనం దిమ్మనూ, దాన్నుంచి కోసిన పొర అంటించిన గాజుపలకనూ నర్సు పాత పేపర్లో పకోడీల్లా చుట్టి చేతిలో పెట్టింది. సరైన కవరు అడిగితే "పో తాతా" అంది. నాకు అరవై రెండే. ఈ పని మీద వెళ్లేవాళ్లు స్టీలు డబ్బా దగ్గర ఉంచుకోవాలి. ఎండ తగిలితే మైనం మెత్తబడుతుంది.

మా బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో ఆరున్నరకు ఇల్లు వదిలాం. ఏడుంపావు కోలారు బస్సు ఏడూ నలభైకి కదిలింది. ఎందుకాలస్యమని అడిగితే, కండక్టర్ నా వైపు చూడకుండా శాంతమ్మకు ఉచిత టికెట్ ఇచ్చి ముందుకు వెళ్లాడు. కిటికీ పక్కన పట్టుగూళ్ల మూటతో ఒక రైతు కూర్చున్నాడు.

"డబ్బాలో ఏముండాది అమ్మా, చిత్రాన్నమా?"

"నా ముక్కప్పా," అంది శాంతమ్మ.

ఆయన లేచి కిటికీ సీటు ఆమెకిచ్చాడు. నేను బంగారపేట దాకా నిలబడే ఉన్నాను.

తొమ్మిదిన్నరకు తమకలో దిగాం. క్యాంటీన్ ఇడ్లీ ఫరవాలేదు, సాంబారు నీళ్లు. ఆసుపత్రిలో చీటీకి ఒక కౌంటరు, ముద్రకు ఒకటి, ముద్ర పడిందో లేదో చూడటానికి ఇంకొకటి. ఒకే కణం చీలుతూ పోయి కొన్ని చర్మంగా, కొన్ని ఎముకగా మారతాయని బడిలో చదివాను. ఒకసారి చర్మమైనది ఎముక పని ముట్టుకోదు. ఈ కౌంటర్లదీ అదే తీరు.

ల్యాబ్ కిటికీ దగ్గర గుమస్తా డబ్బా లాక్కుని, "రెండింటికి రాండి" అన్నాడు.

"టోకెన్?"

"దీనికి టోకెన్ లేదు తాతా."

ఇది రెండో తాత. గనులు మూసేదాకా నేను టోకెన్ గుమస్తాను. షాఫ్ట్‌లోకి దిగే ప్రతి మనిషి ఇత్తడి బిళ్ల మీది నంబరూ పైకి చదివి, పుస్తకంతో సరిచూసి పంపేవాణ్ణి. కట్టుకున్న భార్యను నంబరు చదవకుండా పంపుతానా?

"కాగితం, దిమ్మ, గాజు, మూడింటి నంబర్లూ గట్టిగా చదువు. రాసిస్తేనే కదులుతా."

"ఏమప్పా, గనిలోకి దిగేదానికి వచ్చినావా?" వెనక వరుసలో మా గనుల వైపు మనిషెవరో అన్నాడు. అందరూ నవ్వారు. శాంతమ్మ నా చొక్కా పట్టి లాగింది.

గొడవ విని ల్యాబ్ డాక్టరమ్మ బయటికొచ్చి, నన్ను వదిలించుకోవడానికే చదివింది. "కాగితంలో నలభై ఒకటి. దిమ్మ మీద నలభై ఒకటి. గాజు మీద..." ఆగింది. "నలభై ఏడు."

నవ్వు ఆగిపోయింది.

దిమ్మ నుంచి కొత్త పొర కోసి, రంగు వేసి, రెండున్నరకు మమ్మల్ని లోపలికి పిలిచారు. డాక్టరమ్మ సూక్ష్మదర్శినిలో చూపించింది.

"ఇది నీది అమ్మా. పాలగొట్టం గోడలో కణాలు ఎట్ల వరుసగా నిలబడుండాయో చూడు. కొంచెం ఎక్కువైనాయి, అంతే. వాటి పని అవి చేస్తాయి, కాలం తీరినవి చచ్చిపోతాయి. భయం లేదు."

తర్వాత నలభై ఏడు పెట్టింది. "ఇవి ఏ పనీ నేర్చుకోవు. చావాల్సినప్పుడు చావవు. ఊరికే చీలుకుంటా పోతాయి."

మా మాజీ కార్మికుల సంఘం గుర్తొచ్చింది. అదీ రెండైంది, రెండు నాలుగయ్యాయి. ఏ ఒక్కటీ పని చెయ్యలేదు, ఏ ఒక్కటీ రద్దు కాలేదు. నాలుగోదానికి నేనే అధ్యక్షుణ్ణి.

"ఇది ఎవరిది?" అంది శాంతమ్మ.

"మీ ఊరి ల్యాబ్‌వాళ్లకే తెలవాల. ఫోన్ ఎత్తడంలేదు. దీన్ని చూసే నీకు అనుమానమని రాసినట్లుంది. దీని సొంత మనిషికి ఏమీ లేదని చెప్పి పంపించినారేమో." డాక్టరమ్మ ఆ ల్యాబ్‌కు ఉత్తరం రాసిచ్చింది.

మూడూ ఇరవై బస్సు దొరికింది. తమక వెళ్లేవాళ్లకు చెబుతున్నా, పొద్దున పోతే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు, కష్టమేమీ లేదు. కష్టమల్లా వచ్చేటప్పుడే. మంచి మాట విని వస్తున్నాం. శాంతమ్మ మాత్రం దారంతా ఆ ఉత్తరాన్నే తిప్పి తిప్పి చూసింది.

బస్సు దిగేసరికి అయిదు దాటింది. మూడు ప్రతులతో రేపు ఫిర్యాదు రాసిస్తానన్నాను.

"రేపటికి ఆమెలో అవి ఇంకెన్ని అయితాయో?" అని శాంతమ్మ మా ఊరి ఆసుపత్రి వైపు నడిచింది.

మేం వెళ్లేసరికి ల్యాబ్ షట్టర్ సగం దించేశారు. నేను గొంతు సవరించుకునేలోపే శాంతమ్మ "నలభై ఏడు ఎవరిది?" అని అరిచింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ గొంతు నేనెన్నడూ వినలేదు.

షట్టర్ పైకి లేచింది.