తవుడు బేరం

తవిటమ్మ పేరు వింటే పట్నం వాళ్లకి నవ్వొస్తుంది. ఆమెకి రాదు. ఆ పేరు వల్లే బతికానని ఆమె నమ్మకం. ముందు పుట్టినవాళ్లంతా పురిట్లోనే పోతే, ఈమెని తల్లి పక్కింటావిడ చేతిలో పెట్టేసి, చేటెడు తవుడు ఇచ్చి మళ్లీ కొనుక్కుంది. తవుడుకి వచ్చిన పిల్లంటే చావుకి కూడా చులకనట. ముట్టుకోదట. నిజమో కాదో గాని తవిటమ్మకి ఇప్పుడు మనవలున్నారు.

కొత్తవలస దాటాక కిరండోల్ లైను కొండలకేసి వంపు తిరిగే చోట, పట్టాలకి పైన ఒక వాలు ఉంది. కాగితాల్లో పొలం. నిజానికి నాగలి దిగని రాతినేల. ఆమె భర్త కూర్మయ్యకీ, మరిది జగన్నాధానికీ ఉమ్మడిది. కూర్మయ్య పోయాక అక్కడ తవిటమ్మ మేకలే తిరుగుతున్నాయి. వాలంతా పరికి పొదలు. కొక్కేల్లాంటి ముళ్లు, చలికాలంలో నల్లటి చిన్న పళ్లు. పరికి ఆకు దొరికితే మేకకి ఇంకేమీ అక్కర్లేదు. మేకలుంటే తవిటమ్మకి ఇంకేమీ అక్కర్లేదు. ఆమె గురించి ఇంతకన్నా గొప్పగా ఎవరు చెప్పినా కోతలే.

ఆ వేసవిలో పొదలు వడలడం మొదలైంది. ఎండ అనుకుంది మొదట. ఒకరోజు చెప్పు జారి పట్టు కోసం పొద మొదలు పట్టుకుంటే, పొద మొత్తం ఊడి చేతిలోకి వచ్చేసింది. వేరుకి బెరడు లేదు. చుట్టూ పంటిగాట్లు. కిందకి చూస్తే నేలంతా బొరియలు. అడుగేస్తే మడమ దిగబడుతోంది.

జగన్నాధం వచ్చి, నడుం మీద చెయ్యేసుకుని చూశాడు.

"సూసినావా వదినా? దీనికి ఎలకలే రైతులిప్పుడు. జేసీబీ ఎట్టి సాపు సేయించీసి జామాయిల్ ఏసీద్దాం. నీ వాటా నీకుంటాది."

"మేకలేటి తింటాయిరా? జామాయిలాకా?"

"మేకల్ని అమ్మీ. ఈ వయసులో కొండలెక్కడం ఏటి నీకు?"

"ఎక్కేది నేను గదా. నీ బొజ్జ కాదు గదా."

ఎంత వాదించినా చివరికి ఒక మాట అనుకున్నారు. ఏరువాక దాటేసరికి వాలు చిగిరిస్తే జగన్నాధం ఆ ఊసెత్తడు. చిగిర్చకపోతే ఆమె జేసీబీకి అడ్డు రాకూడదు.

మందు పెట్టమన్నారు ఊళ్లోవాళ్లు. మేకలు మూతి పెట్టే చోట మందేమిటని తిట్టి పంపించింది. పొగ పెట్టి చూసింది. ఒక బొరియలో పెడితే ఎక్కడో రాయి చాటున లేచింది పొగ. ఎలకలు దగ్గాయో లేదో గాని, ఆమె దగ్గింది.

ఒక పొద్దున దొడ్లో మేకల కుడితిలోకి తవుడు ఒంపుతుంటే కొంత కింద పడింది. గోడవారగా ఉన్న ఎలక కొరుకుతున్న తాడు వదిలేసి తవుడు మీదకి వచ్చింది. తవిటమ్మ చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చేట, తవుడు, బేరం. తనని బతికించింది ఇదే కదా!

ఆ రోజు నుంచి మేకల వాటాలో కోసి వాలుకి తవుడు మోసింది. ప్రతి బొరియ దగ్గరా గుప్పెడు పెట్టి, "పుచ్చుకోండమ్మా. పొదలు నాకిచ్చీండి. కొనుక్కున్నాను," అనేది.

చితుకుల కోసం వచ్చిన లక్ష్మణమ్మ చూసేసింది.

"ఓలమ్మో! ఏటే తవిటమ్మా, ఎలకలతో వియ్యమందుతన్నావా?"

"నోరు మూసుకుని చితుకులేరుకో."

లక్ష్మణమ్మ నోరు మూసుకునే మనిషి కాదు. సాయంత్రానికి ఊరంతటికీ తవిటమ్మ 'ఎలకల వియ్యపురాలు' అయిపోయింది.

కొన్నాళ్లు బేరం కుదిరినట్టే ఉంది. కొత్తగా కొరికిన వేరు కనబడలేదు. ఆ తర్వాత కింద చేలల్లోవీ, రైలు కట్టలోవీ, ఎక్కడెక్కడి ఎలకలూ తవుడు వాసనకి పైకొచ్చాయి. పాత బొరియల పక్కన కొత్త బొరియలు లేచాయి. ఇంటి దగ్గర మేకల డొక్కలు లోపలికి పోయాయి. తవిటమ్మ చేట బోర్లించేసింది. "సచ్చుపని సేసీసినాను," అంది మేకలతోనే. ఇంకెవరితో అంటుంది?

వానలు పడ్డాయి. సగం పొదలు చిగిర్చాయి. సగం కట్టెలే. ఏరువాక దాటాక జగన్నాధం వచ్చాడు. ఆమె ముందు నడిచింది. సగం చిగిరిస్తే గెలిచినట్టు కాదు, మాట మాటే. పోతే పోనీ, తనే చూపిద్దామనుకుంది.

నడి వాలులో ఆగిపోయింది.

చుట్టూ రాతి మీద వాననీళ్లు జారిపోయాయి. బొరియల ముందు ఎలకలు తోడి పోసిన మెత్తటి మట్టి మాత్రం తడి పట్టుకుని ఉంది. ఆ కుప్పల్లోంచి గుత్తులు గుత్తులుగా మొలకలు. తవిటమ్మ కూర్చుని ఒకటి పెకలించింది. అడుగున పగిలిన పరికి గింజ అంటుకుని ఉంది. వేలితో మట్టి కెలికితే ఇంకా గింజలు. చలికాలంలో ఎలకలు దాచుకుని, తినడం మరిచిపోయిన గాదె అది.

"ఇయ్యి పరికి మొక్కలేటి?" అన్నాడు జగన్నాధం వంగి.

"మరేటనుకున్నావు? పుచ్చుకున్న తవుడికి ఇచ్చీసినాయి."

జగన్నాధం పెద్దగా నవ్వాడు. నవ్వి, గడ్డం గోక్కున్నాడు. మొద్దు మనిషి కాదు.

"బాగుంది గాని వదినా, ఎలకలు ఒగ్గీసినా నీ మేకలు ఒగ్గుతాయేటి? రేపే మేసీస్తాయి."

తవిటమ్మకి ఆ సంగతి తట్టలేదు. మొలక చేతిలో పట్టుకునే కిందకి చూసింది. పట్టాల మీద ఇనుపరాయి గూడ్సుబండి ఒకటి వంపు తిరిగి, దడదడమంటూ కొత్తవలస వైపు దిగిపోయింది.

"మేకలు ఈ ఏడు ఇటు రావు," అంది.

"మరేటెడతావు వాటికి?"

"రైలు కట్టంట ఆకు కోసుకొస్తాను. మొయ్యడానికి నెత్తి లేదేటి నాకు?"

తవిటమ్మ పెకలించిన మొలకని మళ్లీ మట్టిలో గుచ్చి, లేచి, ఎండిపోయిన ఒక పరికి పొదని ఈడ్చుకొచ్చి ఆ మొలకల చుట్టూ వేసింది. ఎలక చంపిన పొదే. ముళ్లు మాత్రం చావలేదు. ఇంకో పొద బరువుగా ఉంటే మరిది రెండో కొస పట్టుకున్నాడు. వేలికి గుచ్చుకుంది.

"నీ ఎలకల వంశం నాశనమైపోను!" అని వేలు నోట్లో పెట్టుకున్నాడు. "వొచ్చే ఏరువాక దాకా ఆగుతాను. తవుడు మాత్రం ఎట్టకు ఇంక."

"ఎందుకెడతాను? బేరం అయిపోనాది గదా," అంటూ తవిటమ్మ ఇంకో పొద కోసం పైకెక్కింది.